పేపర్లో లేని వార్త

దయ్యాలంటే భయపడేవాళ్ళను చూస్తే నాకు నవ్వే. అందరూ వద్దన్న చింతచెట్టు కింద ఒంటరిగా కూర్చుని కాయలు తిన్నదాన్ని. ఇది విని మీరు నన్నే చూసి నవ్వుతారేమో, నవ్వండి.

క్విట్ ఇండియా రోజులు. మైసూరు సీమలోని బాగేపల్లిలో మా ఇంటి పక్కనే నారాయణప్ప బట్టల అంగడి. మద్రాసులో అచ్చయ్యే తెలుగు దినపత్రిక ఒకే ఒక్క ప్రతి, చిక్కబళ్ళాపురం మీదుగా బస్సులో ఆయనకు వచ్చేది. రోజూ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు, వీధంతా వినేది. సొంత మాట ఒక్కటి కలిపేవాడు కాదు. ఇంకొంచెం చెప్పమంటే, "రాసిండేది చదువుతాను. లేనిది యాడనుంచి తేవాలప్పా?" అని కసిరేవాడు.

బెంగళూరులో చదువుతున్న మా అన్న ఊరేగింపులోకి పోయాడు. కాల్పులు జరిగాయని విన్నాం. అన్న జాడ లేదు. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. పేపరు చదివే వేళకు మాత్రం అరుగు దగ్గర కూర్చునేది.

అప్పుడే ఆ పేపరూ ఆగిపోయింది. సర్కారు ఒప్పుకున్న వార్తలే వేయాలంటే అచ్చే ఆపేస్తామని పత్రికవాళ్ళు అన్నారట. జనం ఊరుకుంటారా? పాతదే చదవమన్నారు. చదివిందే మళ్ళీ చదువుతూ నారాయణప్ప ఉన్నట్టుండి మా అన్న పేరు, ఊరు చదివాడు. ఎడమ చెయ్యి విరిగిందట, జైలు ఆసుపత్రిలో ఉన్నాడట, ప్రాణభయం లేదట.

అమ్మ ఘొల్లుమంది. ఇంటికొచ్చి రాగిముద్ద తింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ పాత పేపర్లో కొత్త వార్తా! నేను బడిలో నేర్చింది కన్నడ అక్షరాలు. తెలుగువి వాటికి దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదవగలను. అంగడికి పోయి చూశాను. ఆయన వేలు పెట్టి చదివిన చోట తలనూనె ప్రకటన ఉంది. అన్న పేరు ఎక్కడా లేదు.

"ఏమప్పా, అమ్మ కోసరం అబద్ధం చెప్తిరా?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నేనా? పేపరు పేరు చెప్పి అబద్ధమా? ఇంద, చూడు!" అని వేలు పెట్టాడు. వేలు అక్కడే ఆగిపోయింది. "ఈడే ఉండెనమ్మా," అన్నాడు.

అమ్మకు చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. అబద్ధమని తెలిస్తే ఆమె బతకదు. అన్న రాడేమోనని రోజూ నాలో నేనే చచ్చాను.

కొన్ని నెలలకు అన్న వచ్చాడు. ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుని ఉంది. అమ్మ ఆ చేతినే పట్టుకుని, పేపర్లో నీ పేరు వచ్చిందిరా అని మురిసిపోయింది.

అన్న తెల్లబోయాడు. "నా పేరా? ఇంటి మీదికి పోలీసులు వస్తారని నేను పేరూ చెప్పలేదు, ఊరూ చెప్పలేదు. జైల్లో ఎవరికీ తెలీదే!"

నేనూ, అన్నను చూడవచ్చిన నారాయణప్పా ముఖాలు చూసుకున్నాం. ఆయన పోయేదాకా ఒకరినొకరం అడుగుతూనే ఉన్నాం, ఆ రోజు ఆయన చదివింది ఎవరు రాసిందని. నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.