ఆలస్యమైన విమానంలో మా ఆయన

మా ఆయన విమానం ఎక్కింది ఒక్కసారే. అప్పటికి ఆయన చనిపోయి రెండు రోజులైంది.

మాది కర్ణాటకలో పావగడ తాలూకా రాయచెర్లు. నేను పుట్టింది మాత్రం మడకశిర వైపు. తెలుగు బడిలో చదువుకున్నాను. పెళ్లయి ఈ పక్కకు వచ్చాక కన్నడం మాట్లాడటం వచ్చింది గాని, రాయడం ఈనాటికీ సరిగా రాదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో అత్త, నేను, ఆయన, పెళ్లికాని మరిది. సోలార్ పార్కు వచ్చినప్పుడు ఉన్న పొలమంతా కౌలుకిచ్చేశాం. అన్నదమ్ములిద్దరూ ఆ పార్కులోనే పనికి కుదిరి కంబాలు నాటడం, ప్యానెళ్లు బిగించడం, కేబుళ్లు లాగడం నేర్చుకున్నారు.

పార్కు కట్టడం పూర్తయ్యాక అంతమందితో పని లేకుండా పోయింది. ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా, ఇంతే మిగిలింది. ఒక ప్లాంటు గేటు దగ్గర రిజిస్టరు రాసే పని నాకు దొరికింది. ఏ బండి ఎన్ని గంటలకు లోపలికి పోయింది, ఎన్ని గంటలకు బయటికొచ్చింది, అది రాయాలి. ఆ ఇద్దరికీ మాత్రం ఏమీ దొరకలేదు. రాజస్థాన్‌లో ఇంతకన్నా పెద్ద పార్కు కడుతున్నారని, పని తెలిసినవాళ్లు కావాలని ఒక కాంట్రాక్టరు పిలిస్తే ఇద్దరూ కలిసి రైలెక్కారు.

ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఎండ గురించే చెప్పేవాడు. "మన ఎండ ఎండే కాదు. ఈడ పొద్దున పది గంటలకే ప్యానెల్ మీద చెయ్యి పెట్టేకి కాదు" అనేవాడు. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం నేను గేటు దగ్గర ఉండగా మరిది ఫోన్ చేశాడు.

"వదినా, అన్న పడిపోయినాడు. ఆస్పత్రికి తీసుకోని పోతాండాం."

గంట తర్వాత మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి అవతల మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నాకు అర్థమైంది. ఏం చేయాలో తెలియక అప్పుడే వచ్చిన నీళ్ల ట్యాంకరు నంబరు రిజిస్టరులో రాసి, సంతకం పెట్టించుకుని, తర్వాత కూలబడ్డాను.

గుండె ఆగిందన్నారు. పోస్టుమార్టం చేశారు, పోలీసులు కాగితమిచ్చారు, శరీరం చెడిపోకుండా మందు ఎక్కించారు. మందు ఎక్కించిన డాక్టరు, ఇన్ని గంటల్లోపు మట్టి చేయాలని కాగితం మీద రాసిచ్చాడు. పెట్టెకూ, దాన్ని విమానంలో పంపడానికీ, తోడుగా వచ్చే మరిది టిక్కెట్టుకూ కాంట్రాక్టరే డబ్బు కట్టాడు. అందుకు అతనికి దండం పెట్టాలి. పొద్దున ఏడింటి విమానం. పదింటికల్లా బెంగళూరు, అక్కడ నుంచి వ్యాను. పొద్దు వాలకముందే ఊరికొచ్చేస్తారు. గుంత తవ్వేవాళ్లు తవ్వుతున్నారు. మా వంశంలో పోయినవాళ్లందరినీ మా పొలంలోనే ఒక మూల పెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ మూల పార్కు కంచె లోపలికి పోయింది. ఊరి శ్మశానంలో చోటు చూశారు.

ఏడున్నరకు మరిది ఫోన్. విమానం లేటు, తొమ్మిదింటికంట. తొమ్మిదింటికి మళ్లీ ఫోన్. పదకొండు అంటున్నారు. పదకొండు దాటాక, ఏదో రిపేరు, ఎప్పుడో చెప్పలేమంటున్నారు అన్నాడు. ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఆ గంట ఒక పాత నోటు పుస్తకంలో రాశాను. ఎందుకు రాశానో తెలియదు, చేతికి అలవాటు.

అక్కడ ఏం జరిగిందో మరిది నాకు తర్వాత చెప్పాడు. పొద్దున్నే పెట్టెను సరుకుల గేటులో అప్పజెప్పి, ఇతను మనుషుల గేటులోంచి లోపలికి పోయాడు. ఒకసారి లోపలికి పోయినవాడిని బయటికి వదలరు. లోపల చల్లగా ఉంది. కుర్చీలున్నాయి. పదకొండు దాటాక కౌంటరు దగ్గరికెళ్లి తనకొచ్చిన హిందీలో, మా అన్న ఎక్కడున్నాడని అడిగాడు. అక్కడి అమ్మాయి సీటు నంబరు అడిగింది.

"సీటు లేదు. పెట్టెలో ఉండాడు అంటి వదినా. ఆ యమ్మికి అర్థం కాలా. సామాను బెంగళూరులో వస్తాది, బెల్టు దగ్గర నిలబడు అనె."

చేతులతో సైగ చేసి, కళ్లు మూసి చూపించాక ఆ అమ్మాయి బెదిరిపోయి ఎవరికో ఫోన్ చేసిందట. అది వేరే ఆఫీసు, మాకు తెలియదు, మీరు కూర్చోండి అన్నారట. తర్వాత అందరితో పాటు ఇతనికీ ఉప్మాకు, టీకి ఒక కూపను ఇచ్చారు. ఇతను తినలేదు.

విమానం చీకటి పడ్డాక ఎగిరింది. బెంగళూరులో కాగితాలన్నీ చూసి పెట్టె చేతికిచ్చేసరికి తెల్లవారింది. వ్యాను మా వీధిలోకి వచ్చింది మర్నాడు ఎండ ముదిరాక. వెనక తలుపులు తీయగానే ముందు నిలబడినవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు. కొంగులు ముక్కులకు పోయాయి. నేను వెనక్కి పోలేదు. అంతకంటే నేను చేసిందేమీ లేదు.

ఊరి పెద్దాయన ఒకరు డాక్టరు కాగితం చదివించుకుని తల అడ్డంగా ఊపాడు. "తెరవద్దండప్పా. రాసిన గంటలు ఎప్పుడో దాటిపోయినాయి. ఉన్నట్లే మట్టి చేద్దాం."

అత్త పెట్టె మీద పడి మూతను గుద్దింది. "నా కొడుకు మొగం చూపీండప్పా, ఒక్కసారి చూపీండప్పా!"

"పెట్టెలో పెట్టేటప్పుడు నేను చూసినా అమ్మా. అన్నే" అన్నాడు మరిది.

"నువ్వు చూసినావురా. నేను చూల్లేదు."

స్నానం లేదు, నుదుట విభూతి లేదు. పూలదండ పెట్టె మీదే వేశారు. నా చేత చేయించాల్సినవన్నీ పెట్టె పక్కన కూర్చోబెట్టి చేయించారు. అందరూ ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఆయన లోపలున్నట్టు నాకు అనిపించలేదు. కొయ్య, మేకులు, దాని మీద అంటించిన ఇంగ్లీషు చీటీ, అవే కనిపించాయి.

పెద్దకర్మ అయ్యాక అత్త మొదలుపెట్టింది. అన్నం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా అడిగేది. "లోపల ఉన్నింది వాడేనా? అన్ని గంటలు యాడో పెట్టినారు కదా, ఆడ మార్చింటే? ఇంకొకరి బిడ్డను మనం పూడ్చింటే?" మరిది మొదట్లో ఒట్లు పెట్టి చెప్పేవాడు. తర్వాత ఆ మాట రాగానే లేచి బయటికి పోయేవాడు. పొద్దున ఏడింటి నుంచి చీకటి పడేదాకా ఆయన ఎక్కడున్నాడో నాకూ తెలియదు. గేటు దగ్గర కూర్చుని లారీల గంటలు రాస్తుంటే అదే గుర్తొచ్చేది. ఇక్కడ ఇసుక లారీకి కూడా లెక్క ఉంది.

మా ప్లాంటులో కన్నడం మాట్లాడే ఒక ఇంజనీరమ్మ ఉండేది. విషయం తెలిసి, విమానం లేటైతే పరిహారం అడగొచ్చు, నేను రాసిపెడతాను అంది. ముందు మరిది పేరుతో కంప్యూటరులో ఫారం నింపింది. వారంలో జవాబొచ్చింది. సాంకేతిక కారణం వల్ల ఆలస్యం, ప్రయాణికులకు ఆహారం ఇచ్చాం, కాబట్టి చెల్లించాల్సింది లేదు. అయినా మా వంతుగా, ఏడాది లోపల ఎప్పుడైనా ప్రయాణిస్తే కొంత తగ్గింపు అని ఒక కూపను పంపారు. మరిది దాన్ని చదివించుకుని, "ఎవురిని చూసేకి పోవల్ల వదినా, విమానంలో?" అన్నాడు.

మా ఆయన పేరుతో ఆ ఫారం తీసుకోలేదు. టిక్కెట్టు లేనివాడు ప్రయాణికుడు కాడు. సరుకులకు వేరే ఫారం ఉంది. వస్తువు వివరం, బరువు, ఏం నష్టం, విలువ ఎంత. బరువు పెట్టెతో కలిపి విమానంలో పంపినప్పటి రసీదులో ఉంది, ఇంజనీరమ్మ దాన్ని ఎక్కించింది. విలువ దగ్గర ఆగి నా ముఖం చూసింది. ఖాళీగా వదిలేయమన్నాను. వదిలేస్తే ఫారం ముందుకు పోలేదు. చాలాసేపు ఇద్దరం ఆ గడినే చూస్తూ కూర్చున్నాం. చివరికి, "ఒకటి అని కొట్టండి" అన్నాను.

దానికి జవాబు రావడానికి నెల పట్టింది. సరుకు అందిన తర్వాత ఫిర్యాదు చేయాల్సిన గడువు దాటిపోయింది, కాబట్టి కుదరదన్నారు. ఆ గడువు రోజుల్లో నేను ఇంటి మూల చాప మీద కూర్చుని ఉన్నాను. బయటికి రాకూడని రోజులవి.

పావగడలో ఒక లాయరు దగ్గరికి మరిది, నేను వెళ్లాం. పెద్ద వయసు మనిషి, మా తెలుగే. నాకు డబ్బు వద్దు, ఆ పన్నెండు గంటలు పెట్టె ఎక్కడ పెట్టారో రాసిస్తే చాలు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"దానికి కోర్టు లేదమ్మా. డబ్బు అడిగితేనే కేసు. డబ్బు అడుగుదాం, దాని వెనకాల ఇదీ అడుగుదాం."

తుమకూరులో వినియోగదారుల కోర్టు. తెల్లారకముందే బస్సెక్కి మధుగిరి మీదుగా పోతే సమయానికి చేరేవాళ్లం. ఒకసారి అవతలి లాయరు రాలేదు. ఇంకోసారి కాగితాలు రాలేదు. మరోసారి మా వంతు రాకుండానే పొద్దుపోయింది. పోయిన ప్రతిసారీ నాకూ మరిదికీ కూలి పోయేది. విమాన కంపెనీ లాయరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. ఒకరోజు వరండాలో నిలబడి ఉంటే తన కుర్చీ నాకిచ్చాడు. అదే మనిషి లోపలికి పోయి, ఈమె డబ్బు కట్టలేదు, కట్టింది కాంట్రాక్టరు, ఈమెకు అడిగే హక్కు లేదన్నాడు. ఇంకా చెప్పాడు: సరుకు విలువ ఒక రూపాయి అని ఈమే రాశారు.

నేను లేచి నిలబడ్డాను. మా లాయరు కూర్చోమని సైగ చేశాడు. కూర్చోలేదు. అప్పుడు పైన కూర్చున్న ముగ్గురు జడ్జీల్లో ఒకామె కన్నడంలో, నీకేం కావాలమ్మా అని అడిగింది. నాకొచ్చిన కన్నడంలోనే చెప్పాను. మా అత్త అడుగుతోంది, ఆ రోజంతా ఆయన్ని ఎక్కడ పెట్టారు అని. ఆమె ముందున్న కాగితాలు తిరగేసింది. తర్వాత, ఆ పెట్టె ఏ గంటకు ఎక్కడుందో రాసి ప్రమాణపత్రంతో ఇవ్వమని వాళ్ల లాయరుకు చెప్పింది.

తర్వాతి వాయిదాకు ఆ కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఒకే పేజీ. కోర్టు వరండాలో లాయరు తనలో తాను చదువుకుని, మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"చదవండి సార్" అన్నాను.

"అవసరమా అమ్మా?"

"దానికే కదా ఇన్నిసార్లు వచ్చింది."

చదివాడు. పొద్దున ఆరున్నరకు పెట్టెను ట్రాలీ మీద విమానం దగ్గరికి తెచ్చారు. విమానానికి రిపేరు వచ్చింది. ట్రాలీ అక్కడే ఉంది. మధ్యాహ్నం మూడింటికి షెడ్డులోకి మార్చారు. సాయంత్రం మళ్లీ తెచ్చి ఎక్కించారు. అంతే. ఎండ అనే మాట ఆ కాగితంలో లేదు. నీడ అనే మాట కూడా లేదు. రాజస్థాన్‌లో మే నెల, విమానాలు నిలిపే సిమెంటు నేల. మరిది గోడకు తల ఆనించి, "నేను లోపల చల్లగా కూర్చోనుంటి వదినా" అన్నాడు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. సేవలో లోపం జరిగిందని, కొంత పరిహారం, కేసు ఖర్చు ఇవ్వాలని రాశారు. మా లాయరు, గెలిచామమ్మా అన్నాడు. కంపెనీ పైకోర్టుకు పోలేదు, డబ్బు పంపింది. అసౌకర్యానికి చింతిస్తున్నామని ఒక ఉత్తరం కూడా పంపింది. ఆ డబ్బు బ్యాంకులో పడి, మెల్లగా ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. ఏ రోజు అన్నం ఆ డబ్బుతో తిన్నామో చెప్పలేను.

తీర్పుకు ముందు, మేం ఆ పేజీ తెచ్చిన రోజున, అత్త గడప దగ్గర కూర్చుని మా కోసం చూస్తోంది. నీళ్లు కూడా ఇవ్వకుండా అడిగింది.

"ఏం రాసినారు?"

మరిది చెప్పులు విడవకుండా నిలబడిపోయాడు. బస్సులో వస్తున్నంతసేపూ నేను దీని గురించే ఆలోచించాను. నిజమే చెప్పాలనుకున్నాను. ఆమె ముఖం చూశాక నోట వేరే మాట వచ్చింది.

"చల్లని రూములో పెట్టినారంట అత్తా. తాళమేసి, ఒక మనిషిని కాపలా పెట్టినారంట. ఎవురినీ దగ్గరికి రానీలేదంట."

"రాసిచ్చినారా?"

"రాసిచ్చినారు. చూడు, సీలు కూడా ఉండాది."

అత్తకు చదువు రాదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, సీలును బొటనవేలితో నెమ్మదిగా నిమిరింది. "తాళమేసినారా" అంది. "అయితే మార్చింటారని లేదు. వాడే. నా కొడుకే." అని అప్పుడు ఏడ్చింది, చనిపోయిన రోజు ఏడ్చినట్టు. మరిది ఇంట్లోకి రాకుండా అట్నుంచటే బజారు వైపు పోయాడు.

మరుసటి నెలలో అతను మళ్లీ రాజస్థాన్ పనికే పోయాడు. ఇక్కడ రోజూ పని లేదు. రైల్లోనే పోయాడు. నేను గేటు దగ్గర పని వదల్లేదు.

అత్త ఆ కాగితాన్ని దేవుని పటం వెనక పెట్టుకుంది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తుంది. నా కొడుకును చల్లగా చూసుకున్నారు, అంత పెద్ద కంపెనీ, మాట రాసిచ్చినారు అని చెబుతుంది. చెప్పి, ఔనా కాదా అన్నట్టు నా వైపు చూస్తుంది.

ఔనత్తా అంటాను.