రైటింగ్ టీచరమ్మ కుడిచెయ్యి

మా ఎదురు బడిలో చిన్నపిల్లలకి ఇంగ్లీషు గొలుసు రాత నేర్పిన టీచరమ్మ పోయారని బుధవారం పొద్దున్న తెలిసింది. కబురు చెప్పినవాడు ఆవిడ తమ్ముడే. బండి వెనక టైరులో గాలి లేక నా షాపు ముందు ఆగి, "అక్క తెల్లారగట్ల ఎల్లిపోయిందన్నయ్యా. బేగి కొట్టు, పాడె సామాన్లకెల్లాల" అన్నాడు. గాలి కొట్టాను. అలాంటప్పుడు నాలాంటివాడు చెయ్యగలిగింది అంతే.

నర్సీపట్నంలో నా సైకిల్ షాపుకీ ఆ బడికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. కృష్ణదేవిపేట షేర్ ఆటోలు అడ్డం నిలబడనప్పుడల్లా ఒకటో తరగతి కిటికీలోంచి ఆవిడ పాఠమంతా నాకు కనిపించేది. నేను బడి గుమ్మం తొక్కినవాణ్ణి కాను. తెలుగు పొట్లాం కాగితాల మీద, ఇంగ్లీషు ట్యూబుల డబ్బాల మీద నేర్చుకున్నాను. డబ్బాలవాళ్లు అన్నీ పెద్దక్షరాల్లోనే అచ్చేస్తారు కాబట్టి, ఇంగ్లీషు చిన్నక్షరాలతో నాకు ఇప్పటికీ పరిచయం తక్కువ. ఇక వాటిని ఒకదానికొకటి తగిలించి రాస్తే చెప్పేదేముంది?

"ఏటమ్మా, ఇడివిడిగా సుకంగా నిలబడ్డోల్లని ఇలా ముడేత్తారేటి?" అని ఓసారి అడిగాను.

"చైనులో లింకు ఊడితే మీరు ఊరుకుంటారా అన్నయ్యా?" అన్నారావిడ.

 మాటల్లో నేను ఓడిపోవడం మా వీధిలో వార్త.

మాట పూర్తయ్యేదాకా పెన్సిలు పైకి లేపకూడదు, చుక్కలూ అడ్డగీతలూ ఆఖర్నే పెట్టాలి అనేది ఆవిడ చట్టం. తుమ్ము వస్తోందని ఒక పిల్ల చెయ్యెత్తితే, "మాట ముగించి తుమ్మమ్మా" అన్నారు. ఆ పిల్ల ముగించే తుమ్మింది. ఎంతకీ రానివాళ్ల వెనక చేరి, వంగి, ఆ చిన్న చేతిని తన చేతిలోకి తీసుకుని రాయించేవారు. "రాత నేర్చుకునేది కన్ను కాదర్రా, చెయ్యి" అనేవారు.

ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని రోడ్డు దాటి వచ్చారు. "ఈ మూత కాస్త తీసిపెట్టండన్నయ్యా, బిగుసుకుపోయింది." బిగుసుకోవడమేమీ లేదు, నా వేలు తగలగానే వచ్చేసింది. అప్పుడు చూశాను ఆవిడ కుడిచెయ్యి. ఊరికే వేలాడుతున్నా, ఎవరో కదుపుతున్నట్టు వణుకుతోంది.

"ఎన్నాల్లనుంచమ్మా?"

"వేసవి నుంచి. ఎవరితోనూ అనకండి. తెలిస్తే ఇంటికి పంపేస్తారు. ఇల్లంటే మీకు తెలుసుగా."

తెలుసు. భర్త పోయాక పెదబొడ్డేపల్లిలో తమ్ముడి ఇంటికి చేరారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. వంటింట్లోకి వెళ్లిన మనిషిని మళ్లీ బయటికి పిలవడం మరిచిపోయారు, అంతే. ఆవిడకి బయటికి దారి బడి ఒక్కటే.

"మరి రాయడమెలాగమ్మా?"

"అదే విచిత్రం. పిల్లల చెయ్యి నా చేతిలో ఉన్నంతసేపూ ఇది వణకదు. వదిలానా, మొదలు."

ఆనాటి నుంచి కిటికీ వైపు చూస్తూ ఎన్ని పంక్చర్లు పాడుచేశానో. బోర్డు మీద రాయాలంటే ఒక పిల్లని స్టూలెక్కించి, సుద్దముక్క పట్టించి, పైన తన చెయ్యి వేసేవారు. తల్లిదండ్రులొచ్చిన రోజూ అలాగే రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. బడి నడిపే కరస్పాండెంటు గారికి అదేదో కొత్త పద్ధతిలా తోచి గేటుకి ఫ్లెక్సీ కట్టించారు. పాపం, దాచుకోవడానికి పట్టిన గొడుగుకి మైకు పెట్టినట్టయింది.

అదే కొంప ముంచింది. అడ్మిషన్ల ముందు వాట్సాప్‌లో పెట్టడానికి వీడియో కావాలన్నారు. పిల్లలకి సెలవులు. "మీరొక్కరే రాయండి మేడం, చెయ్యి దగ్గరగా కనబడాలి." ఆవిడ సుద్దముక్క పట్టుకుని గది చుట్టూ చూశారు. అన్నీ ఖాళీ బెంచీలే. బోర్డుకి సుద్దముక్క టకటకా కొట్టుకోవడం రోడ్డు దాటి నాకు వినిపించింది. ఫోను పట్టుకున్నాయన మెల్లగా దించేశాడు.

ఎవరూ కసురుకోలేదు. శాలువా కప్పి, "విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నారు. శాలువా కప్పించుకున్న మనిషి పోట్లాడలేరు. పోట్లాడాలంటే ముందు దాన్ని మడతపెట్టుకోవాలి కదా.

తమ్ముడి ఇంట్లోనూ అదే మర్యాద. చెయ్యి వణుకుతోందని కత్తిపీట తీసేసుకున్నారు, పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆఖరికి ఆ వంటిల్లు కూడా పోయి, వీధిగదిలో ఒక కుర్చీ మిగిలింది. ఆదివారాలు నేను వెళితే, కుడిచేతిని తొడ కింద అదిమిపెట్టి కూర్చుని ఉండేవారు. "అల్లరి పిల్లల్ని ఎంతమందిని కూర్చోబెట్టానో. దీన్ని కూర్చోబెట్టాలంటే నేనే దీని మీద కూర్చోవాల్సి వస్తోంది" అని నవ్వేవారు.

మొన్న ఆదివారం నవ్వలేదు. "వీధిలో పిల్లలెవరైనా ఉన్నారేమో చూడండన్నయ్యా" అన్నారు.

చూశాను. మండుటెండ. ఎవరూ లేరు. వచ్చి నా చెయ్యి చాపాను. "ఇది ముదిరిపోయిన మొద్దమ్మా. ఏటైనా పనికొత్తాదేమో సూడండి."

గ్రీజు ఇంకిపోయిన నా వేలిని మంచినీళ్ల గ్లాసులో ముంచి, పైన తన చెయ్యి వేసి, కిటికీ పక్క బల్ల మీద రాయించారు. వణుకు ఎక్కడికి పోయిందో తెలియదు. గొలుసు రాత చదవడం రానివాణ్ణి కనక, ఏ మాట రాయించారో కూడా నాకు తెలియదు. వేలు ఒక్క లాగుడులో వెళ్లి ఆగింది.

తమ్ముడి భార్య టీ పెట్టి వెళ్లింది. ఎండకి బల్ల మీది తడి మొదటి అక్షరం నుంచి ఆరుకుంటూ వచ్చింది. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. వదిలితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. టీ మీద మీగడ కట్టింది. నేను ఎడంచేత్తో టీ గ్లాసు అందుకుని, ఒలక్కుండా కొద్దికొద్దిగా తాగాను.