ఏడు అంకెకు రెండు చుక్కలు

2001 జూన్‌లో నన్ను టెక్కలి, పలాస ప్రాంతానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. జనం నోట మేము బ్రేకు ఇన్‌స్పెక్టర్లం. మా కింద అసిస్టెంటు, మా పైన రవాణా అధికారి. తిట్లు మాత్రం మధ్యలో ఉన్నవాడికే. వారానికొకరోజు పలాసలో క్యాంపు. ఖాళీ స్థలంలో బల్ల వేసుకుని లారీలు, జీపులు, టాక్సీలు పరీక్షించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. దాన్నే ఎఫ్‌సీ అంటారు. అది లేని టాక్సీ రోడ్డెక్కకూడదు. అప్పటికే నాకు పదిహేడేళ్ల సర్వీసు. జీడి బట్టీల పొగ పీలుస్తూ రోజుకి నలభై బండ్ల కింద దూరి లేచేసరికి, ఈ నడుం నాది కాదనిపించేది.

ఆ ఏడాది పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. సరిహద్దు దాటి దొంగ బండ్లు వస్తున్నాయి కాబట్టి పాత టాక్సీలన్నింటికీ ఛాసిస్ నంబరు ముద్ర తీయాలని. ఛాసిస్ అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం. కార్ఖానాలో దానిమీద ఉక్కు అచ్చులు పెట్టి సుత్తితో కొట్టిన నంబరే బండికి పుట్టుమచ్చ. పైన రంగు గీకి, పల్చటి కాగితం అద్ది, పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి.

ఆగస్టులో ఒక క్యాంపుకి ఢిల్లేశ్వరరావు అనే డ్రైవరు తన నల్లకారు తెచ్చాడు. వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం ఊరు అతనిది. గుండ్రటి బానెట్, ముగ్గురు కూర్చునే ముందు సీటు, వేలితో కొడితే గంటలా మోగే మందపాటి రేకు. ఆ కార్లు చేసిన ఉత్తరాది కార్ఖానా మూతపడి చాలా ఏళ్లయింది. అసలు ఇంజను ఎప్పుడో పాడైతే డీజిల్ ఇంజను వేయించుకున్నాడు. పెళ్లిళ్లకీ, పూండి స్టేషనుకీ, కిడ్నీ జబ్బు మనుషుల్ని విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లడానికీ ఆ ఊళ్లకి అదే బండి. అతనికి వేరే ఆధారం లేదు.

ముద్ర తీస్తే ఏడు అంకె వెనక నాలుగు అంకె నీడలా తేలింది. నంబరు ఆర్సీ పుస్తకంతో సరిపోయింది. ఆ సరిపోవడమే నా అనుమానాన్ని పెంచింది. చచ్చిపోయిన బండి కాగితాలు కొని, దొంగ బండి మీద ఆ నంబరు కొట్టడం మా శాఖలో అందరికీ తెలిసిన మోసం. ఇంజను నంబరుతో పోల్చుకుందామంటే బండితో వచ్చిన ఇంజనే లేదు. తనకేమీ తెలియదనీ, బండి తన మామగారు చూసి కొనిపించారనీ ఢిల్లేశ్వరరావు చెప్పాడు.

మరుసటి వారం మామగారిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు కూర్మయ్య. అరవై దాటిన మనిషి, ముంజేతులు మాత్రం ఇంకా గట్టివి. ఆ కార్ఖానాలోనే ఇరవై ఏళ్లు పనిచేశాడట, అదీ నంబర్లు కొట్టే సెక్షన్‌లో. చట్రం దగ్గర గొంతుకూర్చుని అంకెల మీద వేలు పెట్టాడు.

“ఈ దెబ్బ నాదే బాబూ. నాలుగు కొట్టీసి, తప్పని తెలిసి దాని మీద ఏడు కొట్టినాను. దిద్దితే పైనో సుక్క, కిందో సుక్క పెట్టాలని మా మేస్త్రీ కట్టడి. ఇదిగో సూడండి, ఉన్నాయి. నా సేతి బండి అనే ఏరికోరి మా అల్లుడి సేత కొనిపించినాను.”

చూశాను. రెండు చుక్కలు ఉన్నాయి. ఆ వయసు చట్రానికి తుప్పు గుంటలు తక్కువా అనుకున్నాను.

తను చెప్పింది రాసుకోమనీ, సంతకం పెడతాననీ కూర్మయ్య రెండుసార్లు అడిగాడు. ఫారంలో అలాంటి గడి లేదన్నాను. అది నిజమే. తెల్లకాగితం మీద రాసి జతచేయడానికి మాత్రం ఏ నిబంధనా అడ్డు లేదు. వెనక ముప్పై బండ్లు హారన్లు కొడుతున్నాయి. పైగా బల్ల ముందుకొచ్చిన ప్రతివాడి దగ్గరా ఒక కథ ఉంటుంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. వినీ వినీ నా చెవులు మొద్దుబారిపోయాయి. ‘నంబరు దిద్దబడినది’ అని రాసి, ఆర్సీ పుస్తకం స్వాధీనం చేసుకుని పై ఆఫీసుకి పంపాను. వాళ్లు కార్ఖానాకి రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. రిజిస్ట్రేషన్ నిలిపేశారు. కాగితాల ప్రకారం నా తప్పేమీ లేదు.

నాలుగేళ్ల తర్వాత వేరే జిల్లాలో ఉండగా ఒక డాక్టరుగారి కారు రిజిస్ట్రేషన్ పొడిగింపుకి వచ్చింది. అదే కార్ఖానా, అదే తరహా బండి. కొన్ననాటి నుంచీ ఒక్కరి చేతిలోనే ఉంది. కార్ఖానా ఇచ్చిన అసలు అమ్మకపు పత్రం కూడా భద్రంగా దాచారు. ముద్ర తీస్తే అయిదు వెనక రెండు నీడ. అయిదుకి పైన ఒక చుక్క, కింద ఒక చుక్క. పత్రంలో ఉన్నది అయిదే. ఆ బండి కింద నుంచి లేవబుద్ధి కాలేదు. సిగ్గేసింది.

పాత ఆఫీసుకి వివరంగా రాశాను. ఫైలు మూసేశారనీ, బండి ఏడాది కిందటే పాతినుము కింద పోయిందనీ జవాబొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా సెలవు పెట్టి, పూండిలో రైలు దిగి కూర్మయ్య ఊరు వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు ఆరబోస్తున్నాడు. అంతా విని తల కూడా ఎత్తలేదు.

“నాకు తెలిసిందే నాకు సెప్పడానికి ఇంత దూరం వొచ్చినారా బాబూ? మా అల్లుడికి సెప్పండి. దొంగబండి అంటగట్టినానని ఆడు నాతో మాటాడి నాలుగేళ్లయింది. నా కూతుర్నీ ఈ గడప తొక్కనీడు. గవర్నమెంటోరు రాసినాక నా మాట ఎవుడు నమ్ముతాడు?”

నేను ఆపింది ఒక బండిని మాత్రమే అనుకున్నాను ఆనాటి దాకా.

ఢిల్లేశ్వరరావు పలాసలో ఒక జీడి కార్ఖానా వ్యాను నడుపుతున్నాడు. బస్తాలు దించుతుంటే పక్కకి పిలిచి డాక్టరుగారి బండి ముద్ర చూపించాను, చుక్కల సంగతి చెప్పాను. అతను ఒక్కటే అడిగాడు.

“ఈ సుక్కలు ఆ రోజే కనపడ్డాయా సార్ మీకు?”

కనపడ్డాయన్నాను.

ముద్ర కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు. తర్వాత, “మావయ్యకి నానేటి మొకం సూపించాల?” అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. వ్యాను బానెట్ మీదే తెల్లకాగితం పెట్టి, ఆ నంబరు కార్ఖానాలోనే దిద్దిందనీ, కూర్మయ్య ఆ రోజే నాకు నిజం చెప్పాడనీ రాసి, హోదాతో సహా సంతకం చేసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మామగారి దగ్గరికి వెళ్లాడో లేదో నాకు తెలియదు. అడిగే మొహం నాకూ లేదు.

మిగిలిన సర్వీసంతా, ఏ బండినైనా ఆపే ముందు ఎదుటివాడు చెప్పింది వేరే కాగితం మీద రాయించి, సంతకమో వేలిముద్రో తీసుకుని ఫైలుకి కుట్టాను. క్యాంపులు ఆలస్యమయ్యేవి, పైవాళ్లు విసుక్కునేవారు. ఆ కాగితాల్లో ఎక్కువ భాగం అబద్ధాలే. ఏది అబద్ధమో ఏది కాదో బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఆ పూట తెలియదు. అందుకని అన్నీ రాయాల్సిందే.