ఫారంలో రాసిన నా నంబరు

దంతాలపల్లి దగ్గర ఒక తండాలో నేను అంగన్‌వాడీ టీచర్ని. అందరూ బ్యాంకు ఖాతాలు తెరిచిన రోజుల్లో, ఫోన్ లేనివాళ్ల ఫారాల్లో నా నంబరే రాశాను. ఎవరిదని బ్యాంకువాళ్లు అడగలేదు. తర్వాత ఆ సిమ్ వదిలేసి కొత్తది తీసుకున్నాను. ఫారాల సంగతి మరిచేపోయాను.

పోయిన ఏడాది ఒక ఆదివారం మా తండా చాందమ్మవ్వ తన కూతురి ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది. "టీచరమ్మా, మా ముసలాయన జనగామ దవాఖానల ఉన్నడు. ఆపరేషన్‌కు పైసలు ఇప్పుడే కట్టాల్నట. గీ ఫోన్ల నా ఖాతా తెరిచి జర పంపియ్యి" అంది.

బ్యాంకు సైట్‌లో వివరాలు నింపాను. ఓటీపీ వెళ్లిన నంబరు చివరి అంకెలు చూశాను. అది నా పాత నంబరు!

స్పీకర్ పెట్టి దానికే ఫోన్ చేశాను. ఆ నంబరు ఇప్పుడు వేరేవాళ్లకు ఇచ్చినట్టున్నారు, ఎవరో మగమనిషి ఎత్తాడు. "అన్నా, మీకొచ్చిన ఓటీపీ జర చెప్పుండ్రి" అన్నానో లేదో విరుచుకుపడ్డాడు. "మందిని ముంచి బతుకుతున్నవా? సిగ్గులేదా? పోలీసోళ్లకు పట్టిస్త!" మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆయన్ని ఏమనగలను? ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని తండాలో అందరికీ నేర్పింది నేనే.

అవ్వ వెళ్లి వెండి కడియాలు కుదువబెట్టింది. ముసలాయన బతికాడు.

ఇప్పటికీ ఏ ఫారమైనా నా చేతే రాయిస్తుంది. ఫోన్ నంబరు గడి దగ్గరికొచ్చేసరికి మాత్రం కాగితం మీద చెయ్యి అడ్డం పెడుతుంది.

"గా గడి ఇడిసిపెట్టు టీచరమ్మా. నా బిడ్డ రాస్తది."