సోళ్ల చేలో కలుపు

ఈ రోజు మా తొమ్మిదో తరగతి పిల్లల్ని జీపుల్లో ఎక్కించి చింతపల్లి దగ్గర ఒక రాగి చేనుకు తీసుకెళ్లాం. ఒకే చేలో సైన్సు, లెక్కలు, సోషలు కలిపి నేర్పాలని పైనుంచి ఆర్డరు. సైన్సు టీచర్ని నేను. చేను ఒక ముసలమ్మది. అంతమంది పిల్లల్ని చూసి మురిసిపోయి, కాస్త కలుపు తీసిపెట్టమంది. అరగంటలో గట్టు మీద పచ్చగా పెద్ద కుప్ప పోశారు. అందరికన్నా పెద్ద మోపు తెచ్చినవాడికి చప్పట్లు కొట్టించాను.

ముసలమ్మ కుప్పలోంచి ఒక మొక్క తీసి చూసింది.

"ఏటి సేసినారమ్మా! సోళ్లు పీకీసి గడ్డి ఉంచీసినారు!"

మన పుస్తకంలో రాగులే అక్కడ సోళ్లు.

క్లాసులో ఏజెన్సీ పిల్ల ఒక్కతే ఉంది. చేతులు కట్టుకుని గట్టు మీదే నిలబడింది, ఒక్క మొక్కా పీకలేదు.

"నీకు తెలుసుగా, చెప్పొద్దా?" అని అరిచాను.

"మీరు రాగులన్నారు కదా టీచర్. నాకు సోళ్లే తెలుసు. మొన్న పరీక్షలో అలాగ రాత్తే సున్నా ఏసినారు."

నిజమే. ఎర్ర ఇంకుతో కొట్టేసింది నేనే.

అయినా ముసలమ్మ అందరికీ సోళ్ల అంబలి పోసింది. "బాగుంది, దేంతో చేస్తారు?" అన్నాడు చప్పట్లవాడు.

ఇందాకే రిపోర్టు రాశాను: 'విద్యార్థులు పంటను గుర్తించారు.' కలుపు తీయని ఆ పిల్లకు మళ్లీ సున్నాయే వేశాను. నాకెన్ని వేస్తారో మీరు చెప్పండి.