రంగూన్ రేవులో నేనన్న మాట

“ఆ బర్మావాడితో వ్యాపారమా? పక్కన కూర్చుని తింటారు, వెనకనుంచి పట్టిస్తారు. నీకు తెలీదురా ప్రసాదూ!”

“అమ్మా, విన్ నా ఆఫీసులోనే పనిచేస్తాడు. వాళ్ళ మినుములు కొని వైజాగ్‌కి షిప్ చేస్తాం, అంతే. రెండు గవర్నమెంట్లూ రోడ్లు వేసుకుంటున్నాయి, అగ్రిమెంట్లు సైన్ చేస్తున్నాయి. నువ్వొక్కదానివే ఇంకా రాజీ పడలేదు.”

“గవర్నమెంట్లకేం? రేవులో నిలబడ్డది నేను!”

“సరేలే, నిన్ను బాధపెట్టి చేయను. పొద్దున్నే వాడికి నో చెప్పేస్తా.”

సోఫాలోంచి మనవరాలు తలెత్తింది. “సో, బర్మీస్ పీపుల్ బ్యాడ్ ఆ, నానమ్మా?”

నెగ్గాను కదా, అవునని ఎందుకు అనలేదు?

ఎందుకో చెబుతాను. నా చదువు రంగూన్ తెలుగు బడిలో కొన్నాళ్ళే. కానీ మాట నాన్చే మనిషిని కాను. కొత్త పెళ్ళికూతురిగా ఉన్నప్పటి నుంచి ఈ బరువు మోస్తున్నాను. మావారు కూడా ఇది తెలియకుండానే పోయారు.

అక్కడ మనవాళ్ళ కొట్లన్నీ బర్మా సర్కారు లాక్కున్న ఏడు మేం ఇండియాకి ఓడెక్కాం. బంగారం దేశం దాటనివ్వడం లేదు. పక్కింటి బర్మా ఆవిడ పేరు మా ఖిన్, ‘మా’ అంటే వాళ్ళకి అక్క. ఆమెకీ నాకూ నీళ్ళ దగ్గర తగువై, కొన్నాళ్ళుగా మాటల్లేవు. ఆ దేశంలో తగువు తీరిందంటే ఊరబెట్టిన తేయాకు కలిసి తినాలి. అది లక్క డబ్బాలో పెట్టుకుని ఆమే రేవుకు వచ్చింది. ఇద్దరం తిన్నాం. మిగిలింది ఓడలో తినమని డబ్బా మా మూటలమీద పెట్టింది. ఆమె మా మూటలు సర్దుతుండగా, మా అమ్మ ఇచ్చిన గొలుసు ఆ డబ్బాలో, ఆకు కింద దాచాను. ఆమెకు చెప్పలేదు. తనిఖీ వాడు మూత తీసి, వేలు పెట్టి కెలికితే గొలుసు బయటపడింది.

“ఈ డబ్బా ఎవరిది?”

“ఆమెది,” అన్నాను.

డబ్బా ఆమెదే. గొలుసు నాది. ఆ రెండో మాట నేననలేదు. ఆమెను తీసుకుపోయారు. ఆమె నావైపు చూసిందా? చూడకుండా నేనే ఓడవైపు తిరిగాను. భయం అనుకోనా? భయమైతే ఓడ కదిలాక పోవాలి. ముందే ఓడెక్కిన మావారు గొలుసేదని అడిగితే, మా ఖిన్ పట్టించిందని చెప్పాను. ఆ అబద్ధాన్నే కొడుక్కి అన్నంతోపాటు పెట్టి పెంచాను. ఇప్పుడది మనవరాలి నోటిదాకా వచ్చింది. ఇక చాలు.

పొద్దున్న ప్రసాదు ఫోన్ తీశాడు. “పెట్టెయ్‌రా,” అన్నాను. నిలబడే అంతా చెప్పాను. ఏడవలేదు.

“ఆవిడ తర్వాత ఏమైంది?”

“తెలీదు. ఎవరినీ అడగలేదు.”

ప్రసాదు కారు తాళాలు తీశాడు. “విన్‌కి ఎస్ చెప్తా. ఇది కూడా చెప్తా.”

“చెప్పు.”

కాఫీ ముట్టకుండా కారు తీసుకుని వెళ్ళిపోయాడు. పారబోయడం నాకు చేతకాదు. చల్లారిందే తాగి, గిన్నెలు కడుక్కున్నాను.