సీనప్ప అంగట్లో ఎవరూ బతకరు

కర్ణాటకలోని చింతామణి బస్టాండు ఎదురుగా పుస్తకాలమ్మే సీనప్పకు ఒకటే జబ్బు. పిల్లల కథల పుస్తకం కొత్తది ఏది చూపించినా, అందులోని వాళ్లను చంపేసి గానీ చేతికివ్వడు.

పుస్తకాలు కన్నడంలో ఉంటాయి, చంపడం మాత్రం తెలుగులో సాగుతుంది. "రామ్మా, ఇది నిన్ననే వచ్చింది. తప్పిపోయిన ఏనుగుపిల్ల కథ. ఎంత ముద్దుగా ఉండాదో! కడాకు బావిలో పడి చస్తాది," అంటాడు. పాప పెదవి వణుకుతుంది. పాప తల్లి గుడ్లురుముతుంది. "పోనీ, ఇది చూడు. పెద్దపిల్లలది. సైకిల్ పందేనికి పోయే అమ్మాయి."

"గెలుస్తాదా?"

"యాడ గెలిచేది? బ్రేకు తెగి లోయలో పడతాది. నిజ్జంగా!"

గైడ్లు, నోటుబుక్కులు అమ్మి అంగడిని నిలబెడుతున్నది ఆయన భార్య గిరిజమ్మే. "నువ్విట్ల అందర్నీ చంపుతాంటే కొనేదెవురు?" అని తలబాదుకునేది. విచిత్రమేమంటే, పిల్లలు ఏడ్చి మరీ కొనిపించుకునేవాళ్లు.

కైవార నుంచి రోజూ బస్సులో వచ్చి ఏడో తరగతి చదివే వినుత ఏనుగు పుస్తకాన్ని ముక్కు చీదుకుంటూనే చదివింది. తీరా చూస్తే ఏనుగుపిల్ల హాయిగా తల్లిని చేరుకుంది. పుస్తకం మొత్తంలో అసలు బావి ఊసే లేదు!

మర్నాడు అంగడి మీదికి యుద్ధానికొచ్చింది. "తాతా! ఏనుగు బతికే ఉండాది!"

"అట్లనా? ఎంత మంచి మాట చెప్పినావమ్మా!" సీనప్ప ఆ ఏనుగును తనే పెంచినంతగా మురిసిపోయాడు.

అప్పటినుంచి వినుతకు కిటుకు తెలిసిపోయింది. సీనప్ప నోట చచ్చారంటే బతికినట్టే. శనివారం ఒంటిపూట బడి వదలగానే వచ్చి, బాగా ఘోరంగా చచ్చినవాళ్ల పుస్తకం ఏరుకుని పోయేది.

ఇంతలో వినుత పెంచుకున్న నల్లకుక్క కరియ జబ్బుచేసి పోయింది. నెలరోజులు ఆ పిల్ల అంగడి వైపే రాలేదు. సంగతి తోటిపిల్లల నోట సీనప్పకు తెలిసింది. మళ్లీ వచ్చిన శనివారం అట్టమీద నల్లకుక్క ఉన్న పుస్తకాన్నే పట్టుకుంది.

"తాతా, ఇది కడాకు ఏమయితాది?"

సీనప్ప ఆ పుస్తకాన్ని వెనక్కి లాక్కోబోయాడు. "అది వద్దులేమ్మా. చంద్రునిమీద స్కూలు పెట్టిన కథ ఉండాది, ఇస్తానుండు."

"ఇదే కావాల. చెప్పు తాతా!"

"చస్తాదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

వినుత మొహం వెలిగిపోయింది. కుక్క బతికిందన్నమాట!

"లేదమ్మా, నిజ్జంగా చస్తాది!"

"నువ్వు ఎప్పుడూ నిజ్జంగానే అంటావు గదా!" అని డబ్బు బల్లమీద పెట్టి, బస్సుకు పరుగెత్తింది.

టీకి కూడా కుర్చీ దిగని సీనప్ప లేచాడు. "గిరిజా, అంగడి చూసుకో!" అని అరిచి, రోడ్డు దాటి, బస్సు కిటికీలోంచి వినుత పక్క సీట్లో టవలు విసిరాడు. టవలు పడ్డాక ఆ సీటు ఇంకెవరిదీ కాదు. జనాన్ని తోసుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"యాడికి తాతా?"

"కైవారకు."

"పనుండాదా?"

"ఆఁ. నువ్వు చదువుకో."

కుక్క బతికిన సంతోషం ముందే చూసుకుందామని వినుత నేరుగా ఆఖరి అధ్యాయం తీసింది. రెండు పుటలు తిప్పింది. మూడోది తిప్పలేకపోయింది. సీనప్ప సీటు పట్టిన టవలే కళ్లు తుడుచుకోవడానికి ఇచ్చాడు. వినుత ఊరు వచ్చేదాకా ఏడ్చింది. కరియ పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

"ఏల తాతా, అందర్నీ చంపుతావు?"

"బతికినారని తెలిసినాక మీరు పరిగెత్తుకోనొచ్చి నన్ను తిడతారు చూడు, ఆ మొగాలు చూడాలని నాకు ఆశ. ఇది ఒకటే అట్లాంటిది కాదు. దీన్ని నువ్వు ఒంటిగా చదవకూడదని వచ్చినా."

బస్సు దిగాక వినుత ముక్కు తుడుచుకుని అడిగింది. "తాతా, మా కరియ మీద ఎవురన్నా పుస్తకం రాస్తే, కడాకు ఏమయిందని చెప్తావు?"

సీనప్ప గొంతు సవరించుకున్నాడు. "చాలా మంచి పుస్తకమమ్మా. కుక్క నల్లగా, ముద్దుగా ఉండాది. కడాకు చస్తాది."

"నిజ్జంగానా?"

"నిజ్జంగా!"

వినుత పకపకా నవ్వి, తడి టవలు ఆయన భుజాన వేసి, ఇంటిదారి పట్టింది.